ఆర్ఎక్స్ 100కి హార్డ్‌వేర్ షాపు బోల్టులు: ఏళ్ల తరబడి వాడాక

యమహా ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇంజిన్ సామాను ఎలాగోలా దొరుకుతోంది గానీ, విసిగించేవి చిన్న స్క్రూలూ బోల్టులే. నా బండికి చాలా ఏళ్లుగా వాటిని సికింద్రాబాద్ రాణీగంజ్ షాపుల్లోనే కొంటున్నాను.

అన్నిటికన్నా బాగా పనికొచ్చినవి ఇంజిన్ కవర్లకు వేసిన స్టెయిన్‌లెస్ ఎలెన్ బోల్టులు, అంటే తలలో ఆరు పలకల గుంట ఉండేవి. కంపెనీ ప్లస్ స్క్రూల గాడి జపాన్ కొలతది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా తిప్పితే జారి, తల అరిగిపోతుంది. వాటి బదులు 6 ఎమ్ఎమ్ ఎలెన్ బోల్టులు వేశాను, 5 నంబర్ కీ చాలు. ఎన్ని వానలు తడిసినా తుప్పు లేదు. కాకపోతే కవరేమో అల్యూమినియం, బోల్టేమో స్టీలు. తేమ చేరితే అల్యూమినియం తెల్లగా పొడిబారి బోల్టు ఇరుక్కుపోతుంది. మర మీద కాస్త యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా రాసే పేస్టు) రాస్తే ఆ టెన్షన్ ఉండదు. పొడవు మాత్రం పాతదానితో కొలిచే కొనాలి. ఎక్కువైతే రంధ్రం అడుగు తగిలి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం పట్టదు, ఆయిల్ కారుతుంది.

“ఎస్ఎస్ కావాలా, బ్లాకా అన్నా?” అని అడుగుతారు. ఎస్ఎస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. బ్లాక్ అంటే నల్లటి స్టీలు బోల్టు, బలం సాధారణంగా 12.9 గ్రేడు. చాలా గట్టిది, కానీ వానకు తొందరగా తుప్పు పడుతుంది. ఎస్ఎస్ మెరుపు చూసి బలం అనుకోవద్దు. తల మీద ఏ2-70 అని ఉన్న ఎస్ఎస్ బోల్టు 700 మెగాపాస్కల్స్ లాగుడు దాకా తట్టుకుంటుంది, మామూలు 8.8 గ్రేడు స్టీలు బోల్టు 800 దాకా. అందుకే బ్రేకులకూ, యాక్సిల్‌కూ, స్ప్రాకెట్‌కూ నేను హార్డ్‌వేర్ షాపుకి వెళ్లను. అక్కడ కంపెనీ పార్టే.

అసలు తిరకాసంతా మరలోనే. రెండున్నర సూతల (సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) బోల్టు, అంటే 5/16 అంగుళం, 7.94 ఎమ్ఎమ్ లావు. కంటికి 8 ఎమ్ఎమ్మే. షాపు డబ్బాల్లో రెండూ కలిసిపోతుంటాయి. కానీ సూతల బోల్టుకు అంగుళానికి 18 మరలు, అంటే పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) 1.41 ఎమ్ఎమ్. ఎమ్ఎమ్ బోల్టుది 1.25. ఒకటి రెండు చుట్లు చేత్తోనే హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. అక్కడ స్పానర్ వేసి తోశామా, అల్యూమినియం మర తురుములా ఊడి వస్తుంది. ఇక లేతు షాపుకి పోవాల్సిందే. 10 ఎమ్ఎమ్‌లో ఇంకో చిక్కు: అడగ్గానే చేతిలో పెట్టేది 1.5 పిచ్, జపాన్ డిజైన్ బళ్లలో ఎక్కువగా ఉండేది 1.25. ఫైన్ థ్రెడ్ (సన్న మర) అని నొక్కి చెప్పినా చిన్న షాపుల్లో దొరకడం కష్టం.

కొనేముందు పాత బోల్టునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, మరలు ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టి వెలుతురుకు పట్టి చూస్తాను. సందు కనిపిస్తే వెనక్కిచ్చేస్తాను. కౌంటర్ దగ్గర జనం ఉంటే షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనీ.

నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) కూడా మంచివే, చవక కూడా. ఒకసారి విప్పితే కొత్తది వేయడం మేలు. సైలెన్సర్ దగ్గర మాత్రం వద్దు, వేడికి లోపలి నైలాన్ కరిగిపోతుంది.

నంబర్ ప్లేటు, సైడ్ ప్యానెళ్ల వరకైతే మీ వీధి చివరి షాపు చాలు. రాణీగంజ్‌కి నేనిచ్చేది ఐదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ పార్కింగ్‌కి.