వన్ టౌన్ హింగ్వాష్టకం, మా చెల్లి పెళ్లి

కంగారు పుడితే నాకు ముందు తెలిసేది కడుపులోనే. ఇంటర్ పరీక్షల నుంచీ ఇదే వరస. చెల్లి నిశ్చితార్థం నాడు తాంబూలాలు మార్చుకునేలోపు మూడుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాను. నాన్న లేరు కాబట్టి కన్యాదానం నేనూ మా ఆవిడా చేయాలి. రెండు గంటలు పీటల మీద నుంచి లేవకూడదంటేనే పేగులు మెలిపెట్టేవి.

పెళ్లికి పది రోజుల ముందు విజయవాడ వన్ టౌన్‌లో ఒక మూలికల కొట్టుకెళ్లాను. పేరు రాయను, కారణం కింద ఉంది. పెద్దాయన నా మొహం చూసి, "తిన్నాక వస్తుందా, భయపడితే వస్తుందా బాబూ?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే నా తరఫున ఒక స్టార్. ఇచ్చింది హింగ్వాష్టక చూర్ణం, అరుగుదలకి వాడే ఆయుర్వేద పొడి, వంద గ్రాములు 110 రూపాయలు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, రెండు రకాల జీలకర్రలు, సైంధవ లవణం, ఇంగువ.

అన్నం మొదటి ముద్దలో నెయ్యి వేసి, అర చెంచా కలుపుకోమన్నారు. రబ్బరు బ్యాండు తీయగానే ఇల్లంతా ఇంగువ. నాలుక మీద ముందు ఉప్పు, ఆ తర్వాత గొంతు దాకా మిరియం మంట. నాలుగో రోజుకి ఉబ్బరం, పుల్లతేన్పులు తగ్గాయి. పరుగులు మాత్రం తగ్గలేదు.

ఎందుకో మా డాక్టరుగారు చెప్పారు. భయపడితే జీర్ణాశయం నెమ్మదిస్తుందట, పెద్దపేగు వేగం పుంజుకుంటుందట. పైన బెంజ్ సర్కిల్ జామ్, కింద పినాకిని ఎక్స్‌ప్రెస్. చూర్ణం పైదానికే పనికొచ్చింది. కిందదానికి పనిచేసింది కాఫీ మానడం. రోజుకి నాలుగు కప్పులు తాగేవాణ్ణి, అదీ పేగుల్ని తోస్తుందని అప్పుడే తెలిసింది. నీరసం రాకుండా, లీటరుకి సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలుపుకోమన్నారు, సగం సగం వేసుకోకూడదట.

పెళ్లి రోజు ఉపవాసం, ముద్ద లేదు కాబట్టి మజ్జిగలో కలిపాను. "ఉపవాసంలో ఉప్పేంట్రా?" అని అమ్మ. "సైంధవ లవణమే అత్తయ్యా, పర్లేదు" అని మా ఆవిడ నెగ్గుకొచ్చింది. సాయంత్రం రెండుసార్లు వెళ్లాను, దాచడమెందుకు. పీటల మీద ఒక్కసారి కడుపు గట్టిగా గుర్రుమంది కానీ మేళం కాపాడింది. పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు చేతులు వణికాయి, కడుపు మాత్రం కదల్లేదు.

ఇక ఫిర్యాదు. ప్యాకెట్ మీద తయారీ తేదీ లేదు, ఎక్స్‌పైరీ లేదు. అడిగితే "మొన్ననే దంచాం" అన్నారు. పల్చటి కవరు, వారానికే పొడి గడ్డకట్టింది. ఇంటికి తేగానే గాజు సీసాలో పోసుకోండి. ఉప్పుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలి. విరేచనంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ఈ పొడుల జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

ఐదుకి మూడున్నర. తేదీ వేస్తే నాలుగిస్తాను.