షాబా ర్యాంక్స్ ముందా, సూపర్ క్యాట్ ముందా?

జమైకా 'రాగా'కి (మన రాగం కాదు, రెగే నుంచి పుట్టిన డ్యాన్స్‌హాల్ సంగీతం) హిప్‌హాప్ కలిస్తే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఈ ఇద్దరు జమైకా గాయకులే గుర్తొస్తారు. తొంభైల మొదట్లో షాబా ఎపిక్ అనే రికార్డు కంపెనీకి, క్యాట్ కొలంబియా అనే కంపెనీకి పాడారు.

షాబాది బొంగురు గొంతు. బేస్ మీద బండరాయి దొర్లినట్టుంటుంది. 1991 నాటి 'యాజ్ రా యాజ్ ఎవర్' ఆల్బమ్‌లో న్యూయార్క్ ర్యాపర్ కేఆర్ఎస్-వన్‌తో ఒక పాట ఉంది. కానీ అక్కడ హిప్‌హాప్ చుట్టంలా వచ్చి పోతుంది, ఇల్లు మాత్రం డ్యాన్స్‌హాల్‌దే. ఆ ఆల్బమ్‌కీ, తర్వాతిదానికీ గ్రామీలు వచ్చాయి. మాటలు పచ్చిగా ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

క్యాట్ దారి వేరు. కింగ్‌స్టన్ కుర్రాడు, ఒంట్లో భారతీయ రక్తం కూడా ఉంది. పాట్వా (జమైకా వాడుక భాష) మాటల్ని గబగబా అంటూనే మధ్యలో రాగం తీస్తాడు. అది మామూలు ర్యాపర్లకు చేతకాదు. ఇక 'డాలీ మై బేబీ' 1993 రీమిక్స్ వినండి: కింద నడిచేది హిప్‌హాప్ బీటే, అయినా అతను తడబడడు. అదే పాటలో న్యూయార్క్ ర్యాపర్ నోటోరియస్ బిగ్ కూడా ఉన్నాడు, అప్పటికి అతని తొలి ఆల్బమ్ ఇంకా రాలేదు!

గ్రామీల లెక్కలో షాబాదే పైచేయి. రెండు సంగీతాలు నిజంగా కలిసిపోవడం వినాలంటే మాత్రం నా ఓటు క్యాట్‌కే. 1992 నాటి అతని ఆల్బమ్ 'డాన్ డాడా'తో మొదలుపెట్టండి.