పెంచిన ఆన్‌ఫీల్డ్, వదిలి వెళ్లిన గుడిసన్

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు లివర్‌పూల్, ఎవర్టన్‌లకూ పాత స్టేడియాలు ఇరుకయ్యాయి. దారులు మాత్రం వేరయ్యాయి.

స్టాన్లీ పార్కులో కొత్తది కట్టాలన్న ఆలోచన మానుకుని లివర్‌పూల్ క్లబ్ తన పాత స్టేడియం ఆన్‌ఫీల్డ్‌నే పెంచింది. మెయిన్ స్టాండ్ పని నాకు నిజంగా అబ్బురం. పాత స్టాండ్‌లో జనం కూర్చుని మ్యాచ్‌లు చూస్తుండగానే దాని వెనక ఉక్కు చట్రం లేచింది. 2016లో అది తెరిచేసరికి సుమారు 8,500 సీట్లు పెరిగాయి. తర్వాత ఆన్‌ఫీల్డ్ రోడ్ వైపు మరో 7,000. ఇప్పుడు మొత్తం 61,000 దాటింది. అయితే చోటు కోసం పక్క వీధుల ఇళ్లు కూల్చారు. ఏళ్లపాటు ఖాళీగా పాడుబడిన ఆ ఇళ్లనూ ఖర్చులోనే రాయాలి.

ఎవర్టన్‌కు ఆ వీలు తక్కువ. 1892 నాటి దాని స్టేడియం గుడిసన్ పార్కును ఇళ్లు, ఒక మూల చర్చి బిగించి ఉంచాయి. లోపల స్తంభాలు ఆటకు అడ్డొచ్చేవి. అందుకే 2025లో మెర్సీ నది ఒడ్డుకు, ఇసుకతో పూడ్చిన బ్రామ్లీ-మూర్ డాక్ అనే పాత ఓడల రేవులో కట్టిన కొత్త స్టేడియానికి మారింది. సుమారు 53,000 సీట్లు. నిటారైన దక్షిణ స్టాండ్‌లోనే 13,000. 2021లో నగరానికున్న ప్రపంచ వారసత్వ హోదాను యునెస్కో తీసేయడానికి ఈ కట్టడమూ ఒక కారణం.

స్థలముంటే నా ఓటు పెంచడానికే. గుడిసన్‌ను కూల్చకుండా మహిళా జట్టుకు ఇవ్వడం మాత్రం ఎంతో నచ్చింది.