ఎనిమిది టేబుళ్లు, ఒక్క మౌసు

ఆన్‌లైన్‌లో నేను వాడే పోకర్ సాఫ్ట్‌వేర్ మీద నాకున్న కోపమంతా ఒక్కదాని మీదే. మన వంతు రాగానే ఆ టేబుల్, అంటే ఆ ఆట నడిచే విండో, దానంతటదే ముందుకు దూకుతుంది చూశారూ, అది. ఒకేసారి చాలా టేబుళ్లు ఆడేవాళ్ల సౌకర్యం కోసమే పెట్టారు. రెండున్నరేళ్లు వాడాను, అందులో ఏడాదిన్నర ఎనిమిది టేబుళ్లతో. మొదటి ఆరు నెలలూ కనపడ్డవాళ్లందరికీ దీని గొప్పలే చెప్పాను.

ఊరికే చెప్పలేదు లెండి. ఆరుగురు కూర్చునే హోల్డెమ్ (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు) టేబుల్‌లో గంటకు 75 హ్యాండ్ల దాకా, అంటే 75 పంపకాల దాకా, నడుస్తాయి, వాటిలో ఎక్కువ మొదట్లోనే ముక్కలు పడేసి తప్పుకునేవే. ఒక్క టేబుల్ ముందు కూర్చుంటే విసుగొచ్చి చెత్త ముక్కలతో కూడా ఆడబుద్ధేస్తుంది. ఎనిమిది తెరిస్తే గంటకు 600 హ్యాండ్లు, విసుగుకు తావే లేదు. పడేయడం నాకు ఆ ఎనిమిది టేబుళ్ల మీదే వంటబట్టింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే నేర్చుకున్నది కూడా అదొక్కటే అని తర్వాత తెలిసింది.

అసలు సంగతికొస్తాను. నా స్క్రీన్ చిన్నది, అందుకని టేబుళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడేవాణ్ని. ఒక రాత్రి నా చేతిలో తొమ్మిదుల జత. ఫ్లాప్‌లో, అంటే మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కల్లో, మూడో తొమ్మిది పడింది. జత చేతికొచ్చినప్పుడు ఇలా పడేది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారి, కాబట్టి ఆ ఆనందం వేరు. రివర్, అంటే చివరి ఐదో ముక్క, వచ్చేసరికి పాట్‌లో (మధ్యలో చేరిన పందెంలో) 80 బిగ్ బ్లైండ్లు. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే కట్టాల్సిన పెద్ద పందెం, మా లెక్కలన్నీ దానితోనే. అవతలివాడు తన దగ్గర మిగిలిన 60 కూడా పందెంగా తోసేశాడు. ఆ సమయానికి నేను ఇంకో టేబుల్‌లో ఏడు, రెండు లాంటి చెత్త పట్టుకుని ఫోల్డ్ (ముక్కలు పడేసే బటన్) నొక్కబోతున్నాను. వేలు దిగే లోపల తొమ్మిదుల టేబుల్ ముందుకు దూకింది. రెంటిలోనూ ఫోల్డ్ బటన్ ఒకే చోట. నొక్కు పడింది, తొమ్మిదులు పోయాయి.

ఆ కోపంతోనే సహాయ విభాగానికి పొడుగాటి ఫిర్యాదు రాశాను. మీరు నొక్కిందే నమోదైంది అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఊరుకోబుద్ధి కాలేదు. సాక్ష్యంగా పంపుదామని ఆ రాత్రి హ్యాండ్ హిస్టరీ, అంటే ఆడిన ప్రతి హ్యాండ్ రికార్డు, మొత్తం తీసి, ఒక్కొక్కటీ నెమ్మదిగా చూశాను. ఎందుకు చూశానా అనిపించింది.

ఆ 60 బ్లైండ్లు తోసినవాడు అదే రాత్రి నావే మూడు టేబుళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను గమనించనే లేదు. అంతకుముందు రెండుసార్లు రివర్‌లో ఇలాగే పెద్ద పందెం వేశాడు, రెండుసార్లూ నేను కాల్ చేసి, అంటే అంత పందెమూ కట్టి, చెల్లించుకున్నాను. ఒకసారి ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు), ఒకసారి స్ట్రెయిట్ (ఐదూ వరుస ముక్కలు) చూపించాడు. ఇక నా తొమ్మిదుల హ్యాండ్‌లో రివర్‌లో పడింది మూడో ఇస్పేటు. వాడి చేతిలో రెండు ఇస్పేట్లుంటే ఫ్లష్, నా మూడు తొమ్మిదులు ఓడినట్టే. నేను అది కూడా చూడలేదు! వాడి ముక్కలు తెరుచుకోలేదు కాబట్టి తేలదు గానీ, నేను అంతగా తిట్టుకున్న ఆ పొరపాటు నొక్కే ఆ రాత్రి నేను చేసిన మంచి ఫోల్డ్ అయి ఉండొచ్చు.

ఫిర్యాదు అక్కడితో వదిలేశాను. దూకే సెట్టింగ్ తీసేసి రెండు టేబుళ్లకు దిగాను.

డబ్బు లెక్కకొస్తే నా వాదన అంత గట్టిగా నిలవదు, అదీ చెప్పాలి. నా రికార్డులో రెండు టేబుళ్లకు వంద హ్యాండ్లకు 5 బిగ్ బ్లైండ్ల లాభం, ఎనిమిదికి 2. బాగానే ఉంది కదా అనుకుంటాం. గంట లెక్కన చూస్తే మొదటిది ఏడున్నర, రెండోది 12. పైగా ఈ ఆటలో అదృష్టం ఊపు ఎంతంటే, పది వేల హ్యాండ్లు ఆడినా వెయ్యి బిగ్ బ్లైండ్లు అటో ఇటో పోవడం మామూలే. ఆ ఐదుకీ రెండుకీ ఉన్న తేడా నిజమని నేను ప్రమాణం చేయలేను. 2012లో రాండీ లూ అనే వృత్తి ఆటగాడు 8 గంటల్లో 23,493 హ్యాండ్లు ఆడి గిన్నిస్ రికార్డు కొట్టాడు, చివరికి మిగిలిన లాభం 8 డాలర్ల లోపే. అయినా నష్టపోలేదు చూడండి. అంత వేగంలోనూ తప్పు చేయనివాళ్లు ఉంటారు. ఆడాల్సింది ముందే లోపల ఇంకిపోయి ఉంటే సరిపోతుందేమో. నాకు ఇంకలేదు.

ఉద్యోగం ఉండి, రోజుకు గంట మాత్రమే దొరికే మనిషిని నేను. ఆ గంటలో నలభై నిమిషాలు ఆడి, ఇరవై నిమిషాలు ఆడినవి చూసుకుంటాను. ఇదే తిండి పెట్టాల్సిన వాళ్లకు నా లెక్క పనికిరాకపోవచ్చు. పెద్ద స్క్రీన్ ఉండి, టేబుళ్లను పక్కపక్కన పరుచుకునే వాళ్లకు ఆ దూకుడు గొడవే ఉండదు. ఆదివారాలు నేనూ నాలుగు తెరుస్తుంటాను, దాచడం ఎందుకు.

ఆ మూడు టేబుళ్ల మనిషి ఇంకా వస్తూనే ఉన్నాడు. పేరు పక్కన నోట్ రాసుకున్నాను: రివర్‌లో పెద్ద పందెం వేస్తే పడేయ్. పోయిన వారం అలాగే వేశాడు, నేను పడేశాను. ముక్కలు తిప్పి చూపించాడు. ఉత్త జాకీ, జత కూడా లేదు. సరే, అదీ రాసుకున్నాను.