లీనియర్ షాఫ్ట్ అని క్రోమ్ రాడ్ అంటగడుతున్నారు, చూసి కొనండి

విశాఖలో ఇంటి దగ్గరే సీఎన్‌సీ రౌటర్ టేబుల్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మిషన్) కట్టుకుందామని సామాన్లు పోగుచేస్తున్నవాళ్లు, గైడ్ రాడ్లకు (కట్టర్ జారుతూ కదిలే ఉక్కు కడ్డీలు) డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. ఊళ్లోనే ఒక షాపులో 'బాల్ బేరింగ్ నడవాలి, హార్డెన్డ్ షాఫ్టే కావాలి' అని విడమరచి చెప్పి 16 మి.మీ. రాడ్లు తీసుకున్నాను. 'అదే సార్, లీనియర్ షాఫ్ట్, ఒరిజినల్' అని ఇచ్చారు. అవి హార్డెన్డ్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరిచినవి) కావు, లీనియర్ షాఫ్టులూ (బాల్ బేరింగులు జారడానికి చేసిన కడ్డీలు) కావు. హైడ్రాలిక్ సిలిండర్లలో వాడే మామూలు క్రోమ్ రాడ్లు. షాపు పేరు రాయడం లేదు. ఈ సరుకు ఆన్‌లైన్‌తో సహా ఎవరి దగ్గరైనా ఇదే పేరుతో దొరకొచ్చు కాబట్టి పేరుకన్నా గుర్తుపట్టే పద్ధతి తెలియడం ముఖ్యం.

పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, క్రేన్లు, జేసీబీలు ఉన్న ఊరు మనది. హైడ్రాలిక్ రిపేర్లకు కొదవ లేదు, అందుకే ఆ రాడ్డు ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది. దాని పనికి అది మంచిదే. సాధారణంగా సీకే45 అనే మధ్యరకం కార్బన్ స్టీలు, పైన ఓ 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) హార్డ్ క్రోమ్. సిలిండర్లో దాన్ని తాకేది రబ్బరు సీలు, కాబట్టి ఆ పూత సరిపోతుంది. మన మిషన్‌లో అలా కాదు. ఎల్ఎం16యూయూ లాంటి, 16 మి.మీ. రాడ్డు మీద జారే బాల్ బేరింగ్‌లో చిన్న చిన్న ఉక్కు గుండ్లు రాడ్డును సూదిమొనంత చోట తాకుతూ బరువంతా అక్కడే మోపుతాయి. క్రోమ్ గట్టిదే, కింద లోహం మాత్రం మెత్తన. మెత్తటి నేల మీద పలచగా గచ్చు చేసి దానిమీద ఎడ్లబండి తోలినట్టే. పూత అణిగి, పగిలి, గుండ్లు నడిచిన దారిలో గాడి పడుతుంది.

నా మిషన్‌లో ముందు బయటపడింది ఎక్స్ యాక్సిస్‌లో. రాడ్డు పొడవునా సన్నని గీతలు, గోరుతో గీకితే తగిలేంత. తర్వాత చేత్తో కదిపితే లూజు. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక)లో గుండ్రంగా కోయమంటే గీత మొదలైన చోటు, ముగిసిన చోటు కలవడం మానేశాయి. షాపులో చెబితే మొదటి మాట 'గ్రీజు రాయలేదేమో సార్'. రెండో మాట 'మీ బేరింగులు చైనావి, వాటి వల్లే'. ఆ చైనా బేరింగుల్లో గుండ్లకు ఏమీ కాలేదు మరి!

ఇంకో సంగతి సైజు. లీనియర్ షాఫ్ట్‌కు సాధారణంగా హెచ్6 టాలరెన్స్ ఉంటుంది. అంటే 16 మి.మీ. రాడ్డు సరిగ్గా 16 ఉండాలి, తగ్గితే 11 మైక్రాన్ల లోపే తగ్గాలి. హైడ్రాలిక్ క్రోమ్ రాడ్డు మామూలుగా ఎఫ్7లో వస్తుంది. అది 16 నుంచి 34 మైక్రాన్ల వరకు తక్కువ ఉంటుంది. అంటే గాడి పడకముందే, కొత్త రాడ్డు కొత్త బేరింగ్‌లో ఉండగానే కొంత ఆట ఉంటుంది. వెర్నియర్‌తో కొలిస్తే ఈ తేడా నమ్మకంగా తెలియదు, మైక్రోమీటరు కావాలి. మీ దగ్గర లేకపోతే ఆటోనగర్‌లో తెలిసిన లేత్ పనివాళ్లెవరినైనా అడిగితే కొలిచి పెడతారు.

ఇక అసలు పరీక్ష. రాడ్డు పైన ఆకురాయి రాసి చూస్తే మోసపోతాం. క్రోమ్ మీద ఆకురాయి ఎలాగూ జారుతుంది. కోసిన చివర, ఆ గుండ్రటి ముఖం మీద రాయాలి. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొరను మాత్రం వేడిచేసి గట్టిపరచడం) చేసిన రాడ్డయితే అంచు చుట్టూ ఉంగరంలా ఒకటి రెండు మి.మీ. వెడల్పున ఆకురాయి పట్టకుండా జారిపోతుంది, మధ్యలో మాత్రం పడుతుంది. అంచు నుంచి మధ్యదాకా ఒకేలా పొడి రాలుతోందంటే అది మెత్తటి రాడ్డు, వెనక్కి ఇచ్చేయండి. మరీ తేలిక పరీక్ష ఇంకొకటి ఉంది. కొలతకు కోసి ఇమ్మన్నప్పుడు కుర్రాడు ఏం తీస్తున్నాడో చూడండి. 58 నుంచి 62 హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ కొలత) గట్టిదనం ఉన్న అంచు మీద మామూలు హ్యాక్సా బ్లేడు పళ్లు అరుగుతాయే తప్ప తెగదు, అబ్రేసివ్ కటాఫ్ వీల్ పెట్టాల్సిందే. హ్యాక్సాతో కబుర్లు చెబుతూ కోసి ఇచ్చాడంటే మీకు జవాబు దొరికినట్టే. ప్యాకింగ్ మీద ఏం రాసి ఉన్నా పట్టించుకోవద్దు.

మెటీరియల్ పేరు అడగాల్సి వస్తే జీసీఆర్15, ఎస్‌యూజే2, ఈఎన్31 ఇవన్నీ ఒకే కుటుంబం, బేరింగ్ స్టీళ్లు. వీటికి హార్డెనింగ్, గ్రైండింగ్, పైన క్రోమ్ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. సీకే45 అయినా ఇండక్షన్ హార్డెనింగ్ చేసినది దొరుకుతుంది, ఇంటి మిషన్‌కు అదీ చాలు. బ్రైట్ బార్ అని నున్నగా మెరిసేది బేరింగుకు పనికిరాదు. అది సాధారణంగా గ్రైండ్ చేసింది కాదు, గుండ్రం కూడా అంత కచ్చితంగా ఉండదు.

సముద్రపు గాలి కదా, స్టెయిన్‌లెస్ తీసుకోండి అనేవాళ్లూ తగులుతారు. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు ఉండేవాళ్లకు తుప్పు బాధ తెలుసు కాబట్టి ఈ మాట వెంటనే ఎక్కుతుంది. కానీ 304 స్టెయిన్‌లెస్‌ను హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరచలేరు, గుండ్లు దాన్నీ తినేస్తాయి. గట్టిపడే స్టెయిన్‌లెస్ 440సీ లాంటిది, దాని ధర వేరు. అయస్కాంతం గట్టిగా పట్టుకోకపోతే అది 304 రకం అనుకోండి. మన గాలికి క్రోమ్ ఉన్న బేరింగ్ స్టీలు చాలు. కోసిన చివరలకు కాస్త పెయింట్ వేసి, రాడ్డు మీద పలచగా నూనె తుడుస్తూ ఉంటే సరి. నూనె ఎక్కువైతే ఎండీఎఫ్ పొడి అంటుకుని ముద్దవుతుంది, అదొక టెన్షన్.

షాపులో ఇంకో మాట కూడా అన్నారు: 'హార్డెన్డ్ రాడ్డు వంగదు సార్, ఎంత పొడవైనా వేసుకోండి.' ఇది తప్పు. హార్డెనింగ్ అరుగుదలను ఆపుతుంది, బరువుకు రాడ్డు కిందికి వంగడాన్ని కాదు. ఉక్కు ఏదైనా ఎలాస్టిక్ మాడ్యులస్ (వంగకుండా నిలిచే బిగువు) దాదాపు ఒకటే, సుమారు 200 గిగాపాస్కల్స్. 800 మి.మీ. పొడవున రెండు 16 మి.మీ. రాడ్లు చివర్లలో మాత్రమే ఆని ఉన్నాయనుకోండి. రౌటరూ దాన్ని పైకీ కిందికీ కదిపే జెడ్ యాక్సిసూ కలిపి 5 కిలోలు మధ్యలో ఉంటే 0.4 మి.మీ. కిందికి దిగుతుంది. కట్టర్ తోసే బలం దీనికి అదనం. 20 మి.మీ. రాడ్లయితే అదే లెక్క 0.16కు తగ్గుతుంది. పొడవు సగం చేస్తే వంగడం ఎనిమిదో వంతు అవుతుంది. కాబట్టి మీటరు దరిదాపుల్లో పొడవు ఉంటే విడి రాడ్డు ఆలోచన మానేసి, కింద అల్యూమినియం ఆధారం ఉన్న ఎస్‌బీఆర్16 గానీ ఎస్‌బీఆర్20 గానీ చూడండి. వాటిలోనూ చివర ఆకురాయి పరీక్ష చేయాల్సిందే.

తిన్నగా ఉందో లేదో చూడడానికి మందపాటి గాజుపలక మీద రాడ్డును దొర్లించండి. కింద వెలుతురు కనబడి మాయమవుతుంటే వంకర ఉన్నట్టు.

ఇప్పటికే మెత్తటి రాడ్లు కొనేసినవాళ్లు వాటిని పారేయక్కర్లేదు. బాల్ బేరింగులు తీసేసి అదే సైజు ప్లాస్టిక్ బుష్‌లు గానీ కంచు బుష్‌లు గానీ వేస్తే మెత్తటి రాడ్డు మీద కూడా నడుస్తాయి, కాస్త రాపిడి ఎక్కువ. కొత్తవి వచ్చేదాకా నెట్టుకురావాలంటే క్లాంపు వదులుచేసి రాడ్డును కొద్దిగా తిప్పి బిగించండి, గుండ్లు కొత్త చోట నడుస్తాయి. ఉన్న రాడ్లనే ఎక్కడైనా హార్డెనింగ్ చేయిద్దామని మాత్రం అనుకోవద్దు. వేడికి సన్నని రాడ్డు వంకర తిరుగుతుంది, మళ్లీ గ్రైండింగ్ చేయాలి, క్రోమూ చెడుతుంది.

బిల్లు సంగతి. నా బిల్లులో '16 ఎంఎం రాడ్' అని మాత్రమే ఉంది, వివరం రాయమంటే 'కంప్యూటర్‌లో అంతే వస్తుంది సార్' అన్నారు. ఇప్పుడు ఆ మాట పట్టుకునే, తాము రాడ్డే అమ్మామని వాదిస్తున్నారు. మీరు 'ఇండక్షన్ హార్డెన్డ్, హెచ్6' అని చేత్తోనైనా రాయించుకుని సంతకం పెట్టించుకోండి. రాయనంటే కొనకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలన్నా, చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. రాడ్డు చివర ఆకురాయి రాసిన ఫొటోలు, మైక్రోమీటరు కొలత తీసిన వీడియో దగ్గర పెట్టుకున్నాను. డబ్బు ఇంకా తిరిగి రాలేదు.