ఓరలా, పోస్టరా?

పరిశోధక విద్యార్థుల సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపేటప్పుడు చాలా ఫారాల్లో ఈ ప్రశ్న ఉంటుంది: వేదికెక్కి మాట్లాడతారా (ఓరల్), పనిని పెద్ద షీటు మీద ప్రింట్ చేసి, పక్కన నిలబడి వివరిస్తారా (పోస్టర్) అని. ఎక్కువమంది ఆలోచించకుండా ఓరల్‌కే టిక్కు పెడతారు, అదే గౌరవమని.

ఓరల్‌కు సాధారణంగా దక్కేది ప్రశ్నలతో కలిపి పది, పదిహేను నిమిషాలు. ముందు వక్త సాగదీస్తే అందులోనూ కోత. మెట్టుమెట్టుగా నడిచే వాదన మీదైతే ఇదే సరి. అయితే ముందే టైమర్ పెట్టుకుని పైకి చెప్పి చూసుకోవాలి. మనసులో చదువుకుంటే లెక్క తప్పుతుంది.

పోస్టర్ సంగతి వేరు. ఏ0 సైజంటే 841 × 1189 మిల్లీమీటర్లు. అంత చోటుంది కదా అని థీసిస్ మొత్తం అతికించేస్తారు, ఎవరూ చదవరు. మైక్ మారిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి 2019లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో అసలు ఫలితం ఒక్క వాక్యంగా, నడిమధ్యన, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాకు నచ్చింది గానీ, బొమ్మలూ మ్యాపులే ప్రాణమైన పనికి అంతగా కుదరదు.

ఫలితాలు ఇంకా సగంలో ఉంటే నా ఓటు పోస్టర్‌కే. స్టేజీ టెన్షన్ తక్కువ, వచ్చినవాళ్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు. ఒకే ప్రశ్న నలుగురూ అడిగారంటే థీసిస్ అధ్యాయంలో ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసిపోతుంది. రైలు ప్రయాణమైతే గుడ్డ మీద ప్రింట్ చేయించండి, మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు.