సీక్రెట్ మారింది, అప్లికేషన్‌కు తెలియలేదు: రెండేళ్ల వాడకం తర్వాత

కాన్ఫిగరేషన్ ఫైలులోంచి డేటాబేస్ పాస్‌వర్డ్ తీసేసి, దాని చోట, అప్లికేషన్లను నడిపించే కుబర్నెటీస్‌లో పాస్‌వర్డ్‌ల లాంటివి దాచే 'సీక్రెట్' పేరు మాత్రమే రాసిన రోజు గుండెల మీద బరువు దిగినట్లయింది. ఆ ఫైలును ఇక ఎవరికైనా చూపించవచ్చు, కోడ్ దాచే గిట్‌లో పెట్టవచ్చు. పాస్‌వర్డ్ మార్చాలంటే ఒక్క చోట మారిస్తే చాలని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

ఒక రాత్రి డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మార్చి, సీక్రెట్‌లోనూ కొత్తది పెట్టాను. అప్లికేషన్ చక్కగా నడుస్తోంది. నిశ్చింతగా పడుకున్నాను. అరగంటకే ఫోను మోగింది. కొత్త కనెక్షన్ ఒక్కటీ కుదరడం లేదు, లాగ్ నిండా పాస్‌వర్డ్ తప్పన్న ఫిర్యాదులే. సీక్రెట్ తెరిచాను, అందులో విలువ ఉండే బేస్64 అనే సంకేత రూపాన్ని విప్పి అక్షరం అక్షరం సరిచూశాను: కొత్తదే. చివర కొత్త లైను గుర్తు అంటుకుందేమోనని అనుమానించాను (ఎకో కమాండుకు '-ఎన్' పెట్టడం మరిచి అంతకుముందు ఒకసారి దెబ్బ తిన్నాను). అదీ కాదు. గంటన్నర తర్వాత నడుస్తున్న కంటైనర్ (అప్లికేషన్ నడిచే విడి పెట్టె) లోపల, సీక్రెట్ విలువను అప్లికేషన్‌కు అందించే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూస్తే, పాత పాస్‌వర్డ్ దర్జాగా కూర్చుని ఉంది!

కంటైనర్ మొదలైనప్పుడు అందిన విలువే అది ఆగేదాకా ఉంటుంది. అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు అలాగే బతికాయి కాబట్టి నాకు తేడా తెలియలేదు. తెరిచిన కనెక్షన్లను మళ్లీ మళ్లీ వాడుకునేందుకు ఉంచే పూల్‌లో వాటి గడువు 30 నిమిషాలు. అది తీరాక అప్లికేషన్ కొత్తవి తెరవబోయి బోర్లా పడింది. పాడ్‌లను (కుబర్నెటీస్ కంటైనర్లను నడిపే యూనిట్లను) రీస్టార్ట్ చేయగానే సర్దుకుంది. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే.

తర్వాత సీక్రెట్‌ను ఫైలుగా మౌంట్ చేసి, అంటే కంటైనర్‌లో ఫైలులా కనిపించేలా పెట్టి, చూశాను. అది కాస్త ఆలస్యంగానైనా తనంతట తానే మారుతుంది. అందులోంచి ఒక్క ఫైలునే తగిలించే సబ్‌పాత్ వాడితే మాత్రం మారదు; ఇదీ నాకు చేయి కాలాకే తెలిసింది. పైగా మారిన ఫైలును అప్లికేషన్ మళ్లీ చదవాలి. ఆ కోడ్ రాసే ఓపిక లేక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కే తిరిగి వచ్చాం. సీక్రెట్ చెక్‌సమ్‌ను (విలువ మారితే తానూ మారే చిన్న గుర్తును) పాడ్‌లు తయారయ్యే నమూనా అయిన పాడ్ టెంప్లేట్‌లో అనోటేషన్‌గా, అంటే అదనపు చీటీలా, పెట్టాం. ఇప్పుడు డిప్లాయ్ చేసినప్పుడు సీక్రెట్ మారి ఉంటే పాడ్‌లూ కొత్తవి వస్తాయి.

మాది ముగ్గురి బృందం, పాస్‌వర్డ్ మార్చేది మూడు నెలలకోసారి. మాకిది సరిపోతోంది. గంట గంటకూ మారే తాత్కాలిక పాస్‌వర్డ్‌లు వాడేవాళ్లయితే నా దారిలో రావద్దు, ఆ మౌంట్ పద్ధతికే ఓపిక చేసుకోండి.